పీపాలో కాలం, సీసాలో కాలం: స్పెయిన్ వైన్లు మాగే తీరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్ వైన్ సీసా మీద క్రియాంసా, రెసేర్వా, గ్రాన్ రెసేర్వా అన్న మాటలు కనిపించగానే చాలామంది వాటిని నాణ్యతకు వేసిన మార్కులుగా చదువుకుంటారు. నిజానికి అవి కాలం లెక్కలు. ద్రాక్ష కోసిన తరువాత ఆ వైన్ ఓక్ పీపాలో ఎంతకాలం, సీసాలో ఎంతకాలం ఉండి అంగడికి వచ్చిందో చెప్పే చట్టబద్ధమైన హామీలు. ఆ కాలం వైన్‌ను ఏం చేస్తుంది, ఎక్కడ మేలు చేస్తుంది, ఎక్కడ చెయ్యదు అన్న సందేహాలకు ఇవి జవాబులు.

క్రియాంసా, రెసేర్వా, గ్రాన్ రెసేర్వాల మధ్య తేడా ఎంత?

ముందు రియోహా ప్రాంతపు ఎర్ర వైన్ల నియమాలు చూడటం మంచిది, ఎందుకంటే ఈ వర్గీకరణ గురించి ఎవరు మాట్లాడినా మనసులో ఉండేది ఆ ప్రాంతమే. అక్కడ క్రియాంసా అనిపించుకోవాలంటే వైన్ మొత్తం 2 ఏళ్లు మాగాలి, అందులో కనీసం ఒక ఏడాది 225 లీటర్ల ఓక్ పీపాలో గడవాలి. రెసేర్వాకు మొత్తం 3 ఏళ్లు కావాలి; వాటిలో పీపాలో కనీసం ఏడాది, సీసాలో కనీసం 6 నెలలు ఉండాలి. గ్రాన్ రెసేర్వాకు మొత్తం 5 ఏళ్లు; పీపాలో కనీసం 2 ఏళ్లు, సీసాలో కనీసం 2 ఏళ్లు.

ఈ మూడింటిలోనూ చేరనివాటిని రియోహాలో జెనెరికో అంటున్నారు. పాత సీసాల మీద హోవెన్ అని కనిపిస్తుంది. వీటిలో పీపా ముఖమే చూడని వైన్లు ఉంటాయి, పీపాలో ఏడాదికి మించి ఉన్నా ఉత్పత్తిదారు కావాలనే ఈ వర్గాల బయట ఉంచిన ఖరీదైన వైన్లూ ఉంటాయి. అందువల్ల ఆ మాట చూసి తక్కువ రకమని తీర్మానించుకోకూడదు.

ఈ లెక్కలు స్పెయిన్ అంతటా ఒకటేనా?

కావు. దేశమంతటికీ వర్తించే చట్టం కనీస హద్దును మాత్రమే గీస్తుంది. దాని ప్రకారం ఎర్ర క్రియాంసా 24 నెలలు మాగాలి, కాని అందులో పీపా కాలం 6 నెలలున్నా చాలు. గ్రాన్ రెసేర్వాకు 60 నెలల్లో 18 నెలలు పీపాలో గడవాలి. ప్రాంతీయ నియంత్రణ మండళ్లు ఆ హద్దుకు పైన తమ నియమాలు పెట్టుకోవచ్చు. రిబేరా దెల్ దువేరో మండలి రియోహా లాగే క్రియాంసాకు ఏడాది పీపా కాలాన్నీ, గ్రాన్ రెసేర్వాకు రెండేళ్ల పీపా కాలాన్నీ అడుగుతుంది. వాల్దెపేన్యాస్‌లో క్రియాంసాకు 6 నెలలే. అంటే ఒకే మాట రాసి ఉన్న రెండు సీసాల్లో ఒకదానిలోని వైన్ రెండోదానికన్నా రెట్టింపు కాలం కలపను తాకి ఉండవచ్చు. సీసా చేతికి తీసుకున్నప్పుడు వర్గం పేరు కన్నా ముందు ప్రాంతం పేరు చదవమని చెప్పేది ఇందుకే.

పీపాలో వైన్‌కు నిజంగా ఏం జరుగుతుంది?

రెండు వేర్వేరు పనులు ఏకకాలంలో జరుగుతాయి, వాటిని కలిపి చూడటం వల్లనే గందరగోళమంతా పుడుతుంది. మొదటిది, కలప తనలోని పదార్థాలను వైన్‌కు ఇవ్వడం. పీపా తయారుచేసేటప్పుడు పలకలను వంచడానికీ, లోపలి ముఖాన్ని కాల్చడానికీ నిప్పు పెడతారు. ఆ వేడికి కలపలోని లిగ్నిన్ విడిపోయి వెనీలా వాసననిచ్చే వెనిలిన్ పుడుతుంది, హెమీసెల్యులోజ్ నుంచి పాకం, కాల్చిన బాదం వంటి వాసనలు వస్తాయి, లవంగాన్ని గుర్తుచేసే యూజినాల్ కలపలోనే ఉంటుంది. కాల్చిన పాళ్లు పెరిగేకొద్దీ పొగ వాసన పైకి తేలుతుంది.

రెండోది, కలప ద్వారా, పలకల అతుకుల ద్వారా, బిరడా తీసి పెట్టినప్పుడల్లా వైన్‌కు అతికొద్ది మోతాదులో ఆక్సిజన్ అందడం. ఆ కొద్దిపాటి ఆక్సిజన్ సమక్షంలో ద్రాక్ష తొక్క నుంచి వచ్చిన రంగు పదార్థాలు, వగరునిచ్చే టానిన్లతో కలిసి పెద్ద, నిలకడైన అణువులుగా మారతాయి. కొత్త ఎర్ర వైన్‌లోని ఊదా ఛాయ క్రమంగా తగ్గి దానిమ్మ గింజ రంగుకు వస్తుంది, నాలుకను పట్టేసే వగరు నునుపుదేలుతుంది. వైన్ మృదువుగా మారిందని అనేటప్పుడు ఎక్కువగా ఈ రెండో పని గురించే అంటున్నారు, కాని పొగడ్త మాత్రం మొదటి పని చేసిన వెనీలాకు దక్కుతుంటుంది.

ఇవి కాక, పీపాలోంచి వైన్ కొంత ఆవిరైపోతూ ఉంటుంది. గిడ్డంగి పొడిగా ఉంటే నీరు ఎక్కువగా పోయి ఆల్కహాల్ శాతం కొద్దిగా పెరుగుతుంది. తేమగా ఉంటే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఖాళీ అయినంత మేర అదే వైన్‌తో మళ్లీ నింపకపోతే పైన చేరిన గాలి వైన్‌ను పులుపెక్కిస్తుంది కనుక, పీపాలను నింపుతూ ఉండటం గిడ్డంగిలో నిరంతరం సాగే పని.

తేట తీయడం అంటే ఏమిటి? దానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

పీపా అడుగున ఈస్ట్ కణాలు, రంగు పదార్థాలు, టార్టార్ స్ఫటికాలు మడ్డిగా చేరతాయి. పైని తేటను మాత్రం వేరొక శుభ్రమైన పీపాలోకి మార్చే పనిని స్పానిష్‌లో త్రాసియేగా అంటారు. సంప్రదాయ రియోహాలో ఇది సుమారు ఆరు నెలలకొకసారి జరుగుతుంది. రియోహాలోని ఆరో అనే పేరుగల పట్టణంలోని పాత బొదేగాల్లో, అంటే వైన్ తయారీ గృహాల్లో, ఇప్పటికీ ఈ పనిని కొవ్వొత్తి వెలుగులో చేసేవారున్నారు. పైవరుస పీపా నుంచి వైన్ దాని బరువుకు అదే కిందివరుస పీపాలోకి జారుతుంటే, పనివాడు మధ్యమధ్యలో చిన్న గాజు గ్లాసులో కొద్దిగా పట్టి కొవ్వొత్తి మంట ముందు పెట్టి చూస్తాడు. తేటగా మెరుస్తున్న వైన్‌లో మసక పొర మొదటిసారి కనిపించిన క్షణంలో ధార ఆపేస్తాడు. పంపు వాడరు, వడపోత అవసరం చాలా మేరకు తగ్గిపోతుంది, పైగా వైన్‌కు ఆ మార్పిడిలో కొంత గాలి తగులుతుంది. నాలుగేళ్లు పీపాలో ఉండే వైన్ ఇలా ఏడెనిమిది సార్లు పీపాలు మారుతుంది. గ్రాన్ రెసేర్వా ధరలో ఈ కూలి కూడా ఉందని కొనేవారికి తెలియదు.

అమెరికన్ ఓక్, ఫ్రెంచ్ ఓక్ మధ్య తేడా తెలుస్తుందా?

కొత్త పీపాల విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. అమెరికన్ తెల్ల ఓక్‌లో ఓక్ లాక్టోన్ అనే పదార్థం ఎక్కువ. అది కొబ్బరి, వెనీలా వాసనలను ఇస్తుంది, మోతాదు మించితే సోయికూర వాసన కూడా వస్తుంది. ఫ్రెంచ్ ఓక్ నుంచి టానిన్ ఎక్కువగా దిగుతుంది. వాసనలు నెమ్మదిగా, మసాలా దినుసుల వైపు మొగ్గుతాయి. ధరలోనూ పెద్ద తేడా ఉంది, దానికి కారణం చెట్టు లోపలి నిర్మాణమే. అమెరికన్ ఓక్ నాళాలు సహజంగానే మూసుకుని ఉంటాయి కనుక దుంగను రంపంతో ఎలా కోసినా పలక కారదు. యూరప్ ఓక్‌ను దాని నార వాలు వెంటే చీల్చాలి, లేకపోతే పీపా చెమ్మగిల్లి కారుతుంది. ఆ చీల్చడంలో దుంగలో ఎక్కువ భాగం వృథా అవుతుంది.

రియోహా అమెరికన్ ఓక్‌కు అలవాటుపడటానికి ఈ చవకతో పాటు అట్లాంటిక్ మీదుగా సాగిన పాత వర్తకం కూడా కారణం. 1990ల నుంచి ఫ్రెంచ్ ఓక్ వాటా పెరిగింది. ముదురు రంగు, పండు రుచి, కొత్త పీపా వాసన కలిసిన వైన్లను అప్పట్లో ఆల్తా ఎస్‌ప్రెసియోన్ అని పిలిచి అధిక ధరలకు అమ్మారు. వాటిలో కొన్ని అందంగా ముదిరాయి. చాలావాటిలో పదేళ్లయ్యేసరికి పండు రుచి పోయి కలప మాత్రం మిగిలిందని నా అభిప్రాయం.

కొత్త పీపా మంచిదా, పాత పీపా మంచిదా?

వైన్ కలప రుచిని తీసుకోవాలంటే కొత్తది. గాలి పీల్చుకుంటూ మెల్లగా మెత్తబడాలంటే పాతది. నాలుగైదేళ్లు వాడిన తరువాత పీపా వాసన ఇవ్వడం దాదాపు మానేస్తుంది, ఆక్సిజన్‌ను అందించే పని మాత్రం ఇంకా కొంతవరకు చేస్తూనే ఉంటుంది. లోపెస్ దె ఎరేదియా సంస్థ, తన సొంత వర్క్‌షాపులోనే పీపాలు చేయించుకుంటూ కూడా, వాటిని దశాబ్దాలపాటు మరమ్మతు చేసి వాడుతుంది. అందుకే వారి వీన్యా తొందోనియా రెసేర్వా సుమారు ఆరేళ్లు పీపాలో గడిపినా వెనీలా ముద్దలా అనిపించదు. పీపాలో ఎన్ని నెలలుందన్న అంకె పక్కన పీపా వయసు తెలియకపోతే ఆ అంకె సగం సమాచారమే.

సీసాలో గాలి లేదు కదా, అక్కడ ఇంకేం మారుతుంది?

పీపాలో మొదలైన మార్పు సీసాలో వేరే దారి పడుతుంది. కార్కు గుండా వచ్చే ఆక్సిజన్ అత్యల్పం కనుక, మార్పులన్నీ దాదాపు గాలి కొరవడిన స్థితిలో జరుగుతాయి. టానిన్లు ఇంకా పెద్ద అణువులుగా కూడి చివరికి బరువెక్కి మడ్డిగా దిగుతాయి, దానితో వైన్ రంగు పలచబడి ఇటుక ఛాయకు వస్తుంది. తాజా పండ్ల వాసన వెనక్కి తగ్గి, ఎండు అత్తి, పొగాకు, తోలు, తడిసిన ఎండుటాకులు, పుట్టగొడుగుల వాసనలు ముందుకు వస్తాయి. పీపా నుంచి వచ్చిన వెనీలా, లవంగం విడివిడిగా తెలియకుండా వైన్‌లో కలిసిపోవడం కూడా ఇక్కడే జరుగుతుంది.

పీపా నుంచి అప్పుడే సీసాలో పోసిన వైన్ కొన్ని వారాలపాటు మూగబోయినట్లు, వాసన లేనట్లు ఉంటుంది. తయారీదారులు దీన్ని మామూలు విషయంగానే తీసుకుని సీసాలను పక్కన పెడతారు. రియోహా కొత్త నియమాల్లో రెసేర్వాకు 6 నెలల సీసా కాలాన్ని విడిగా తప్పనిసరి చేయడం ఈ దృష్టితో చూస్తే సరైన నిర్ణయం. పీపా కాలాన్ని పొగిడినంతగా సీసా కాలాన్ని ఎవరూ పొగడరు గాని, మంచి గ్రాన్ రెసేర్వాను మంచిదిగా చేసేది చాలాసార్లు ఈ రెండోదే.

ఏ ద్రాక్షయినా ఇంత కాలం తట్టుకుంటుందా?

తట్టుకోదు. స్పెయిన్‌లో ఈ భారాన్ని ఎక్కువగా మోసేది టెంప్రానీయో. రిబేరాలో తీంతో ఫీనో, తోరోలో తీంతా దె తోరో అని పిలిచేదీ ఇదే జాతి. పులుపు మరీ ఎక్కువ లేకపోయినా టానిన్, రంగు, ఆక్సీకరణకు నిలిచే గుణం దీనికి ఉన్నాయి. పులుపు లోటును తీర్చడానికి రియోహాలో కొద్దిపాళ్లలో గ్రాసియానో, మసువేలో అనే ద్రాక్షలు కలుపుతారు. గార్నాచా అనే ద్రాక్ష మాత్రం గాలి తగిలితే త్వరగా కందిపోతుంది కనుక దాన్ని పీపాలో జాగ్రత్తగా చూసుకోవాలి. ప్రియొరాత్ ప్రాంతంలో పలక రాయి నేలల మీది ముదుసలి గార్నాచా తీగలు దీనికి కొంత మినహాయింపు.

ఉత్పత్తిదారే వైన్‌ను ఇన్నేళ్లు దాచి అమ్మే పద్ధతి స్పెయిన్‌లో ఎలా వచ్చింది?

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో వైన్ చిన్నతనంలోనే అమ్ముడుపోతుంది, దాచుకునే బాధ్యత కొన్నవాడిది. రియోహాలో ఆ బాధ్యత బొదేగాది. ఈ తేడా ఉన్నా, పీపా పద్ధతి మాత్రం రియోహాకు బోర్డో నుంచే వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో లాబస్తీదా గ్రామానికి చెందిన మానుయెల్ కింతానో అనే మతాధికారి బోర్డో పద్ధతిలో పీపాల్లో మాగబెట్టి ఎగుమతి చేసి చూశాడు. అదనపు ఖర్చుకు తగ్గ ఎక్కువ ధరకు అమ్ముకోనివ్వకుండా స్థానికులు అడ్డుకోవడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1850లలో లూసియానో దె ముర్రియేతా, ఎల్సియేగోలో మార్కెస్ దె రిస్కాల్ మళ్లీ మొదలుపెట్టారు. 1862లో స్పెయిన్‌లోని ఆలవా ప్రాంతపు పాలకమండలి బోర్డో నుంచి జాఁ పినో అనే నిపుణుణ్ణి పిలిపించుకుంది. ఆ ఒప్పందం ముగిశాక అతను రిస్కాల్ సంస్థలో చేరాడు.

దీన్ని వ్యాపారంగా నిలబెట్టినవి రెండు సంఘటనలు. ఆరో పట్టణానికి 1863లో రైలు వచ్చింది. తరువాతి రెండు దశాబ్దాల్లో ఫైలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను నాశనం చేయడంతో బోర్డో వర్తకులు వైన్ కోసం పిరనీస్ పర్వతాలు దాటి వచ్చారు, తమతో పాటు పీపాలూ పని తెలిసినవాళ్లనూ తెచ్చారు. ఆరో రైల్వే స్టేషన్ చుట్టూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్న లోపెస్ దె ఎరేదియా (1877), కూనే (1879), లా రియోహా ఆల్తా (1890) ఆ కాలపు పుట్టుకలే. ఫ్రాన్స్ కోలుకుని వెళ్లిపోయాక, కొనేవారు తగ్గి పీపాలు మాత్రం మిగిలాయి. అమ్ముడుపోని వైన్ పీపాల్లోనే ఉండిపోవడం కాలక్రమంలో ఒక శైలిగా, ఆపైన ఒక చట్టంగా మారిందనడంలో కొంత నిజముంది. ఈనాడు రియోహా గిడ్డంగుల్లో పది లక్షలకు మించి పీపాలున్నాయి.

అయితే గ్రాన్ రెసేర్వాయే అన్నిటికన్నా మంచిదా?

ఎక్కువ కాలం మాగింది అన్నంత వరకే హామీ. బాగా పండిన ఏడాదిలో మంచి తోట నుంచి వచ్చిన వైన్‌కు ఆ ఐదేళ్లు వరం. పలచని వైన్‌కు అవే ఐదేళ్లు ఉన్న కాస్త పండు రుచినీ ఎండగట్టేస్తాయి. పేరున్న బొదేగాలు అన్ని ఏళ్లూ గ్రాన్ రెసేర్వా చేయకపోవడానికి కారణం ఇదే. 1964, 1994, 2001, 2010 వంటి సంవత్సరాల పేర్లు రియోహాలో ఇప్పటికీ గౌరవంతో వినిపిస్తాయి.

ఈ వర్గీకరణ కాలాన్ని లెక్కించి తోటను లెక్కించదన్నది పాత ఫిర్యాదు. 2015 చివర్లో ఆర్తాదీ అనే ప్రసిద్ధ సంస్థ ఇటువంటి అసంతృప్తితోనే రియోహా మండలి నుంచి బయటికి వెళ్లింది. 2017లో మండలి వీన్యేదో సింగులార్ అనే ఒంటి తోట వర్గాన్ని తెచ్చింది. ప్రియొరాత్ ఉత్పత్తిదారుల్లో చాలామంది క్రియాంసా, రెసేర్వా మాటలను వాడకుండా గ్రామం, తోటల పేర్లతోనే సీసాలు అమ్ముతారు. ఖర్చుకు తగిన విలువ అడిగితే నేను రెసేర్వాకే ఓటు వేస్తాను: గ్రాన్ రెసేర్వా ధరలో కొంత భాగానికే, మాగిన రియోహా అంటే ఏమిటో అది చూపించగలదు.

రిబేరా దెల్ దువేరోలో ఇదే శైలి కనిపిస్తుందా?

నియమాలు దగ్గరివే, రుచి వేరు. సముద్ర మట్టానికి 800 మీటర్ల చుట్టుపక్కల ఎత్తులో, పగటి ఎండకూ రాత్రి చలికీ మధ్య పండే ద్రాక్ష తొక్క మందంగా ఉంటుంది. వైన్ ముదురుగా, బిగువుగా ఉండి కొత్త ఓక్‌ను ఎక్కువగా భరిస్తుంది. ఇక్కడ మూడు నుంచి ఆరు నెలలు మాత్రమే పీపాలో ఉన్నవాటి మీద రోబ్లే అని రాస్తారు. మరో కొసన వేగా సిసీలియా ఉంది: 1864లో మొదలైన ఈ సంస్థ తన ఊనికో వైన్‌ను పీపాల్లోనూ సీసాల్లోనూ కలిపి సుమారు పదేళ్లు ఉంచి గాని అమ్మదు. అదే ఇంటి రెసేర్వా ఎస్పెసియాల్‌లో వేర్వేరు సంవత్సరాల వైన్లు కలుస్తాయి, అందుకే దాని మీద ఒక సంవత్సరం పేరుండదు.

తెల్ల వైన్లను కూడా ఇలా మాగబెడతారా?

మాగబెడతారు, కాని నేటి తాజా, పండ్ల వాసనల తెల్ల వైన్లకు అలవాటుపడినవారికి ఇవి మొదటి గుక్కలో వింతగా తోస్తాయి. రియోహాలో తెల్ల రెసేర్వాకు 2 ఏళ్లలో 6 నెలలు పీపాలో ఉంటే చట్టానికి చాలు, కొందరు మాత్రం దానికి ఎన్నో రెట్లు వెళతారు. మార్కెస్ దె ముర్రియేతా సంస్థ కాస్తియో ఇగాయ్ 1986 తెల్ల వైన్ 21 ఏళ్లు ఓక్ పీపాల్లో, ఆపై ఐదేళ్లకు మించి కాంక్రీటు తొట్టిలో ఉండి, సీసాలోనూ కొంతకాలం గడిపి బయటికి వచ్చింది. బియూరా ద్రాక్షలోని పులుపు దీన్ని నిలబెట్టింది. గలీసియాలోని అల్బరీన్యో అనే తెల్ల ద్రాక్షది వేరే దారి: పీపాకు బదులు స్టీలు తొట్టిలో, సన్నని ఈస్ట్ మడ్డి మీదే నెలల తరబడి ఉంచుతారు, వైన్‌కు వెన్నలాంటి నిండుదనం వస్తుంది, కలప వాసన మాత్రం అంటదు.

షెర్రీ కూడా స్పెయిన్ వైనే కదా, దాని వయసు ఎలా లెక్కిస్తారు?

అండలూసియాలోని హెరెస్, సాన్‌లూకర్, ఎల్ పువెర్తో పట్టణాల మధ్య తయారయ్యే షెర్రీకి పైన చెప్పిన సంవత్సరాల లెక్క వర్తించదు. అక్కడి పద్ధతి సోలేరా. పీపాలను వయసు వారీగా అంచెలుగా అమరుస్తారు; అన్నిటికన్నా పాత వైన్ ఉన్న అంచె పేరు సోలేరా, దాని పై అంచెలు క్రియదేరాలు. సీసాలో నింపడానికి సోలేరా నుంచి కొంత భాగమే తీస్తారు, ఆ ఖాళీని మొదటి క్రియదేరాతో, దాని ఖాళీని రెండో క్రియదేరాతో నింపుతూ చివరి అంచెలో కొత్త వైన్ పోస్తారు. ఏ పీపా ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాదు. నిన్నటి పెరుగుతో ఈనాటి పాలు తోడుపెట్టే ఇంట్లో మొదటి తోడు ఎప్పటిదో ఎవరూ చెప్పలేనట్లే, ఇక్కడ సీసాలోని వైన్‌కు ఒక పుట్టిన ఏడాది ఉండదు, సగటు వయసు మాత్రమే ఉంటుంది. ఆ సగటు కనీసం 2 ఏళ్లు ఉండాలన్నది నియమం. 20 ఏళ్లు దాటినట్లు ధ్రువపడితే వీ.ఓ.ఎస్., 30 దాటితే వీ.ఓ.ఆర్.ఎస్. అన్న ముద్రలు వేస్తారు.

పీపా కూడా ఇక్కడ వేరే పని చేస్తుంది. సుమారు 500 నుంచి 600 లీటర్ల ఈ అమెరికన్ ఓక్ పీపాలు ఎంత పాతవైతే అంత విలువ, ఎందుకంటే కలప వాసన ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. పీపాను నిండా నింపరు, ఆరింట ఐదు వంతులే నింపుతారు. 15 శాతం ఆల్కహాల్ ఉన్న ఫీనో అనే షెర్రీ మీద, ఆ ఖాళీలో, ఫ్లోర్ అనే తెల్లని ఈస్ట్ పొర కడుతుంది. అది గాలిని వైన్‌కు తగలనివ్వదు, ఆల్కహాల్‌నూ గ్లిసరాల్‌నూ తింటుంది, బదులుగా అసెటాల్డిహైడ్‌ను వదులుతుంది. ఫీనోలోని తీపి లేని, ఘాటైన రుచి, కోసిన ఆపిల్ వాసన దాని చలవే. 17 శాతానికి పెంచితే ఫ్లోర్ బతకదు, వైన్ నేరుగా గాలికి ముదిరి నల్లబడి ఓలోరోసో అవుతుంది. కొన్నేళ్లు ఫ్లోర్ కింద ఉండి, తరువాత అది పోయాక గాలికి ముదిరినది అమోంతియాదో.

ఈ పొరను బతికించడం కోసమే అక్కడి గిడ్డంగులను నేల మీదే, ఎత్తైన కప్పులతో కట్టారు. గోడల పైభాగాన చిన్న కిటికీలకు గడ్డితో అల్లిన చాపలు వేలాడతాయి, సముద్రం మీది పడమటి గాలి వాటి గుండా వస్తుంది. వేసవిలో పసుపుపచ్చ ఇసుక నేల మీద నీళ్లు చల్లుతారు. పీపాలోంచి నమూనా తీసేవాడు పొడవాటి కాడకు సన్నని గిన్నె ఉన్న వెనెన్సియాను ఒక్క ఊపున ఫ్లోర్ గుండా దించుతాడు. పొర చెదరకుండా వైన్ పైకి వస్తుంది, తల ఎత్తు నుంచి సన్నని ధారగా గ్లాసులో పడుతుంది.

కావా మీద ఉన్న రెసేర్వా కూడా పీపా కాలమేనా?

కాదు, అది పూర్తిగా సీసా కాలం. కావా అనే నురగ వైన్‌లో రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది, ఆ తరువాత చనిపోయిన ఈస్ట్ మడ్డి మీద ఎంతకాలం ఉందన్నదే లెక్క: మామూలు కావాకు 9 నెలలు, రెసేర్వాకు 18, గ్రాన్ రెసేర్వాకు 30, ఒంటి తోట కావాకు 36. రొట్టె, కాల్చిన గింజల వాసనలు ఆ మడ్డి నుంచి వచ్చేవే.

ఓక్ ముక్కలు వేసి పీపా రుచి తెప్పిస్తారని విన్నాం, నిజమేనా?

నిజమే. యూరోపియన్ యూనియన్ 2006లో ఓక్ ముక్కల వాడకాన్ని అనుమతించింది. అవి వాసననిస్తాయి గాని పీపా చేసే రెండో పనిని, అంటే నెమ్మదిగా గాలి అందించడాన్ని, చేయలేవు. అటువంటి వైన్ మీద పీపాలో మాగిందని రాయకూడదు, క్రియాంసా వంటి వర్గం పేరూ దానికి దక్కదు.

సీసా వెనుక రంగు చీటీలు, సీసా చుట్టూ తీగ వల ఎందుకు?

రియోహా మండలి ప్రతి వర్గానికీ ఒక రంగు చీటీ ఇస్తుంది: జెనెరికోకు ఆకుపచ్చ, క్రియాంసాకు ఎరుపు, రెసేర్వాకు ముదురు ఎరుపు, గ్రాన్ రెసేర్వాకు నీలం. తీగ వల ఇప్పుడు అలంకారమే. 19వ శతాబ్దంలో ఖాళీ సీసాల్లో నాసి వైన్ నింపి అమ్మే మోసగాళ్లను ఆపడానికి, వల తెంపకుండా కార్కు తీయలేని విధంగా దాన్ని బిగించేవారు.

కొన్న సీసాను ఇంట్లో ఇంకా కొన్నేళ్లు దాచవచ్చా?

స్పెయిన్ పద్ధతిలో నిరీక్షణ చాలావరకు బొదేగాలోనే పూర్తయింది కనుక దాచాల్సిన అవసరం తక్కువ. క్రియాంసాను కొన్న ఏడాది రెండేళ్లలో తాగేయడం మంచిది. మంచి గ్రాన్ రెసేర్వా పది, పదిహేనేళ్లు నిలుస్తుంది, నిలవగలిగే చోట ఉంటే. ఆ చోటు 12 నుంచి 15 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా, కార్కు తడిసి ఉండేలా సీసాను పడుకోబెట్టి ఉంచే చోటు కావాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదులోనో విజయవాడలోనో మామూలు బీరువాలో ఒక్క వేసవి గడిపిన సీసాలో వైన్ వ్యాకోచించి కార్కును పైకి నెడుతుంది, పండు రుచి ఉడికిన జాము వాసనకు మారుతుంది; ఆ తరువాత ఎన్నాళ్లు దాచినా ప్రయోజనం లేదు. వైన్ కోసం ప్రత్యేకమైన శీతల పెట్టె లేనివారు విదేశాల నుంచి తెచ్చుకున్న మంచి సీసాను దసరాకో సంక్రాంతికో అని మరో ఏడాదికి వాయిదా వేయకుండా ఎండలు ముదరక ముందే తెరవడం మేలు. మామూలు ఫ్రిజ్‌లో కొన్ని వారాలు ఉంచవచ్చు, ఏళ్ల తరబడి ఉంచితే పొడి గాలికి కార్కు ఎండిపోతుంది.

పాత సీసాను ఎలా తెరవాలి, తెరిచాక ఎంతకాలం నిలుస్తుంది?

పదేళ్లు దాటిన ఎర్ర వైన్‌ను ముందురోజే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. కార్కు పాతదైతే విరిగే ప్రమాదం ఉంది కనుక రెండు రేకుల కార్కు తీసే సాధనం మామూలు మర సాధనం కన్నా నయం. తరువాత వేరొక గాజు పాత్రలోకి మెల్లగా వంచి, మడ్డి సీసా మెడలోకి రాగానే ఆపాలి. కుర్ర వైన్‌ను గంట ముందే వంచి పెట్టడం మంచిదే గాని, ముప్పై ఏళ్ల గ్రాన్ రెసేర్వాను అలా వదిలేస్తే దాని వాసన భోజనం మొదలయ్యేలోపే పోవచ్చు. దాన్ని వడ్డించే ముందే వంచాలి. 16 నుంచి 18 డిగ్రీల వద్ద తాగాలంటే మన దగ్గర అరగంట సేపు ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు.

తెరిచిన ఎర్ర వైన్ కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది, బాగా పాతదైతే ఆ పూటకే. ఫీనోను, సాన్‌లూకర్‌లో తయారయ్యే మాన్సనీయాను వారం లోపే ముగించాలి, ఎందుకంటే ఫ్లోర్ కాపాడినంత కాలం గాలి ఎరగని వైన్ అది. పీపాలోనే దశాబ్దాలు గాలికి ముదిరిన ఓలోరోసోకు ఆ బెంగ లేదు. తెరిచిన సీసా చల్లని చోట రెండు నెలలైనా చెక్కుచెదరదు.